స్టూ చప్పగా, సోడా బ్రెడ్ రాయిలా వస్తున్నాయా? ఐరిష్ ఇంటి వంట గురించి కాస్త వివరంగా

మీరు డబ్లిన్‌కు వచ్చి ఏడాది కావస్తోంది. మార్చి 17న, ఐర్లండ్ జాతీయ పండుగ సెయింట్ పాట్రిక్స్ డే నాడు, ఆఫీసులోని ఐరిష్ సహోద్యోగులను భోజనానికి పిలిచారు. ముందుగా ఒకసారి చేసి చూస్తే స్టూ నీళ్లనీళ్లగా, చప్పగా వచ్చింది. సోడా బ్రెడ్ రాయిలా తయారైంది. అల్లం వెల్లుల్లి, గరం మసాలా కొంచెం వేస్తే తప్పా అని అడిగారు. మీ ఇంట్లో బీఫ్ వండరు కాబట్టి, కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన బీఫ్) లేకుండా ఆ రోజు భోజనం చెల్లుతుందా అన్నది మరో సందేహం. గుంటూరులో ఉన్న మీ అమ్మగారు కూడా ఆ రొట్టె చేసి చూస్తానంటున్నారట. నేను దక్షిణ ఐర్లండ్‌లోని కార్క్‌లో ఒక హోటలు వంటగదిలో చాలా కాలంగా పనిచేస్తున్నాను. ఈ వంటలు నాకు రోజువారీ పని. అందుకే జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు బీఫ్ సంగతి తేల్చేద్దాం. కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ అన్నది అమెరికాకు వలస వెళ్లిన ఐరిష్ వాళ్ల పండుగ భోజనం. ఐర్లండ్‌లో ఆ చోట ఉండేది ఉప్పులో ఊరిన పంది మాంసం, అంటే బేకన్, దానితో క్యాబేజీ. న్యూయార్క్ చేరినవాళ్లకు యూదుల మాంసం దుకాణాల్లో ఉప్పుబీఫ్ చౌకగా దొరికింది, దానితోనే సరిపెట్టుకున్నారు. కార్క్ రేవు నుంచి 17, 18 శతాబ్దాల్లో ఉప్పుబీఫ్ పీపాలకొద్దీ ఓడలెక్కిన మాట నిజమే. కానీ ఆ ఆవులను మేపినవాళ్లకు దాన్ని కొని తినే స్తోమత లేదు. వాళ్లకు ఆవు అంటే పాలు, వెన్న. కాబట్టి మీరు కార్న్‌డ్ బీఫ్ పెట్టకపోతే డబ్లిన్ వాళ్లు ఏమీ అనుకోరు. పెడితేనే ఇదేదో అమెరికా సినిమాలో చూసి చేశారనుకునే ప్రమాదం ఉంది.

ఇక మసాలా. వేయకండి. సంప్రదాయం చెడుతుందని కాదు, వేస్తే అసలు లోపం ఎక్కడుందో మీకు ఎప్పటికీ తెలియదు కనుక. మన వంటలో దుంప కొంచెం నీరుగా ఉన్నా, మాంసం కొంచెం పొడిగా ఉన్నా, తాలింపు, కారం, ధనియాల పొడి కలిసి కాపాడేస్తాయి. ఐరిష్ స్టూలో కాపాడేవాళ్లు ఎవరూ లేరు. మాంసం, దుంప, ఉల్లి, నీళ్లు, ఉప్పు, అంతే. వాటిలో ఒక్కటి తప్పుడు రకం ఎంచుకున్నా కుండ మొత్తం చప్పబడుతుంది. మీరు రాసిన వివరాలు చూస్తే తప్పు వండటంలో కంటే కొనడంలోనే ఎక్కువ జరిగినట్టుంది: ఎముక లేని కాలి మాంసం ముక్కలు, సంచి మీద పేరు చూడకుండా తెచ్చిన దుంపలు, కిలో మాంసానికి ఒక్క ఉల్లిపాయ.

మాంసం విషయానికి వస్తే, దుకాణంలో మెడ ముక్కలు, జిగొట్ చాప్స్ అడగండి. ఇక్కడ జిగొట్ అంటే భుజం భాగం నుంచి ఎముకతో సహా అడ్డంగా కోసిన ముక్కలు. కాలి మాంసం కన్నా చవక, స్టూకు వంద రెట్లు నయం. పూర్వం ఈ వంటకు వాడినది ముదురు గొర్రె. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో దొరికేదంతా లేత గొర్రె. ఏడాది దాటిన గొర్రె మాంసం కావాలంటే హలాల్ దుకాణాల్లో అడిగి చూడండి, రుచి లోతుగా ఉంటుంది. కొవ్వంతా గీకి పారేయించకండి. గొర్రె రుచి సగం ఆ కొవ్వులోనే ఉంది. ఎక్కువైతే తరవాత తీసేయవచ్చు.

దుంపల దగ్గర మనవాళ్లు బోల్తా పడతారు. మనకు బంగాళాదుంప అంటే బంగాళాదుంపే. ఇక్కడి వాళ్లకు అది రకం పేరుతో కొనే సరుకు, మనం సోనామసూరి, బీపీటీ అని బియ్యం అడిగినట్టు. రూస్టర్ అంటే ఎర్ర తోలు, అన్నిటికీ పనికొచ్చేది. కెర్స్ పింక్ గులాబీ తోలుతో, కన్నులు లోతుగా ఉంటుంది. గోల్డెన్ వండర్ అయితే పిండి మరీ ఎక్కువ. కాస్త ఆదమరిస్తే నీళ్లలోనే విడిపోతుంది. ఈ మూడూ పిండి దుంపలే. ఉడికాక తోలు పగిలి, లోపల పొడిపొడిగా విచ్చుకోవాలి. ఐరిష్ పెద్దవాళ్లు దుంపను మెచ్చుకునేది అలా ఉంటేనే. సాలడ్ పొటాటో అని అమ్మే చిన్న దుంపలు, షార్లట్ వంటివి, వీటికి పూర్తిగా వేరు. ఎంత ఉడికినా ఆకారం చెడవు. స్టూకు రెండూ కావాలి. పిండి దుంపలు కరిగి పులుసును చిక్కబరుస్తాయి, గట్టివి ముక్కలుగా నిలబడతాయి. మీరు తెచ్చినవన్నీ గట్టివే అయి ఉంటాయి, అందుకే నీళ్లు నీళ్లుగానే మిగిలాయి. సంచి మీద పేరు లేకపోతే ఒక పరీక్ష ఉంది: పదకొండు కప్పుల నీళ్లలో ఒక కప్పు ఉప్పు కరిగించి దుంప వేయండి. పిండి దుంప మునుగుతుంది, గట్టిది తేలుతుంది. ఇంకో మాట, దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి వాటిలోని పిండి చక్కెరగా మారి, ఉడికించినప్పుడు తీపి తగులుతుంది.

నలుగురికి కిలో మాంసం, కిలో దుంపలు (సగం సగం), అర కిలో ఉల్లిపాయలు. అవును, అర కిలో. పిండి దుంపలను పల్చగా చక్రాలుగా కోసి మందపాటి గిన్నె అడుగున పరవండి. పైన మాంసం, దాని పైన ఉల్లి, మళ్లీ మాంసం, ఉల్లి. ప్రతి వరసకూ ఉప్పు, మిరియాల పొడి చల్లుతూ పోవాలి. ఉప్పంతా చివర్లో వేస్తే పులుసుకు పడుతుంది కానీ మాంసానికి పట్టదు. థైమ్ అనే సువాసన ఆకు రెండు రెమ్మలు. అన్నిటికీ పైన గట్టి దుంపలు, పెద్దవైతే సగానికి కోసి. నీళ్లు దాదాపు 900 మిల్లీలీటర్లు, పై వరస దుంపలు మునగనక్కర లేదు, మూత కింద ఆవిరికే ఉడుకుతాయి. మాంసం ముందుగా వేయించవద్దు. వేయించి చేస్తే అదీ బాగానే ఉంటుంది, కానీ అది గోధుమ రంగు స్టూ, వేరే వంట. ఇది తెల్లగా ఉండాలి. క్యారెట్ వేయాలా వద్దా అని ఇక్కడ ఇళ్లలో వాదనలు జరుగుతాయి. పాతకాలపు పద్ధతి పట్టుకున్నవాళ్లు వద్దంటారు. నేను వేస్తాను, తీపి కోసం.

ఒక పొంగు రానిచ్చి, ఆ తరవాత మంట పూర్తిగా తగ్గించండి. పైన అక్కడక్కడా ఒక బుడగ వచ్చి పగులుతూ ఉండాలి, అంతకు మించకూడదు. కుతకుతలాడితే మాంసం నార బిగుసుకుని ఉన్న రసమంతా బయటికి పోతుంది. నిదానంగా ఉడికితే ఎముక చుట్టూ ఉన్న గట్టి పొరలు కరిగి పులుసుకు జారుడుదనం వస్తుంది. లేత గొర్రెకు గంటన్నర నుంచి రెండు గంటలు, ముదురుదానికి ఇంకో అర గంట. ప్రెషర్ కుక్కర్ మీద చేయి పోతుందని తెలుసు. ముదురు మాంసమైతే మాంసం, ఉల్లి వరకు కుక్కర్‌లో ఉడికించి, దుంపలు తరవాత వేసి మూత పెట్టి మామూలుగా ఉడికించుకోండి. అన్నీ కలిపి విజిల్ వేయించారంటే చేతికి వచ్చేది గొర్రె వాసన వేసే గంజి. చివర్లో పార్స్లీ బాగా తరిగి గుప్పెడు. ముందు రోజే చేసి పెట్టుకుంటే మరీ మంచిది, గడ్డకట్టిన కొవ్వు చెంచాతో తీసేయవచ్చు, రుచి కూడా కుదురుకుంటుంది. ఆవకాయ మీ కంచం పక్కన వేసుకుంటే ఎవరూ కాదనరు, గిన్నెలో మాత్రం వద్దు.

సోడా బ్రెడ్ రాయిలా రావడానికి కారణం మీ వాక్యంలోనే ఉంది: "చపాతీ పిండిలా బాగా పిసికి, తడిగుడ్డ కప్పి అర గంట పక్కన పెట్టాను." ఈ రొట్టెకు చేయకూడని పనులు సరిగ్గా ఆ రెండే. ఇందులో ఈస్టు లేదు. మజ్జిగలోని పులుపు సోడాకు తగిలిన క్షణం నుంచి గాలి బుడగలు పుట్టడం మొదలవుతుంది, అదే రొట్టెను పొంగించేది. అర గంట ఆగితే ఆ గాలంతా ఓవెన్ చేరకముందే పోతుంది. పిసికితే పిండిలోని జిగురు సాగి బిగుస్తుంది. చపాతీకి అది కావాలి, దీనికి అదే శత్రువు. ఈ రొట్టె ఐర్లండ్‌లో స్థిరపడిందే అందుకు. ఇక్కడి తేమ వాతావరణంలో పండే గోధుమ మెత్తది, జిగురు తక్కువ, ఈస్టుతో సరిగా పొంగదు. 1830ల తరవాత వంట సోడా అందుబాటులోకి రావడంతో, ఇంట్లో చిలికిన మజ్జిగ ఉన్న ప్రతి పల్లెటూరి ఇంటికీ రొట్టె వచ్చేసింది. ఓవెన్ కూడా అక్కర లేదు. మూడు కాళ్ల ఇనుప కుండలో ముద్ద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు. దాన్ని బాస్టిబుల్ అంటారు.

కొలతలు: క్రీమ్ ఫ్లవర్ అని అమ్మే మైదా 225 గ్రాములు, ముతక ముడి గోధుమ పిండి 225, ఉప్పు ఒక టీచెంచా, బ్రెడ్ సోడా ఒక టీచెంచా తలకొట్టి. ఇక్కడ బ్రెడ్ సోడా అంటే మన వంట సోడాయే, బేకింగ్ పౌడర్ కాదు. దాన్ని తప్పక జల్లించాలి. ఉండలు మిగిలితే రొట్టెలో పచ్చటి మచ్చలు, నోట్లో సబ్బు రుచి. మజ్జిగ డబ్బా ఏ సూపర్ మార్కెట్‌లోనైనా ఉంటుంది, 350 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది. ముందు ఓవెన్ 220 డిగ్రీలకు వేడెక్కాలి, ఆ తరవాతే మజ్జిగ ముట్టుకోవాలి. పిండి మధ్యలో గుంట చేసి మజ్జిగ దాదాపు అంతా ఒకేసారి పోయండి. వేళ్లు విడదీసి గట్టిగా ఉంచి, గిన్నె మధ్య నుంచి అంచు వైపు గుండ్రంగా తిప్పండి. పదిసార్లు తిప్పేసరికి కలిసిపోతుంది. ముద్ద మెత్తగా, కొంచెం చేతికి అంటుకుంటూ, పైన గరుకుగా ఉండాలి. నున్నగా కనిపించేంత వరకు కలిపారంటే హద్దు దాటారన్న మాట. పిండి చల్లిన బల్ల మీద దొర్లించి, రెండంగుళాల మందాన తట్టి, కత్తితో లోతుగా అడ్డంగా, నిలువుగా గాటు పెట్టండి. దెయ్యాలు పోవడానికని కొందరు, దీవెన కోసమని కొందరు చెబుతారు. నాకు తెలిసినంతలో మధ్య భాగానికి వేడి చేరడానికి. పావు గంట తరవాత 200కు తగ్గించి ఇంకో 25 నిమిషాల నుంచి అర గంట. తిరగేసి అడుగున వేలితో కొడితే బోలు చప్పుడు రావాలి. బయటికి తీసి గుడ్డలో చుడితే పైపొర మెత్తబడుతుంది. వెన్న వేసుకోకుండా దీన్ని తినడంలో అర్థం లేదు. గడ్డి మేసిన ఆవుల పాల నుంచి వచ్చిన ఉప్పు వెన్న, పసుపు రంగులో ఉండేది, మందంగా రాయండి. ఎండు ద్రాక్ష, గుడ్డు, చక్కెర వేసేది వేరే రకం, టీ వేళకు బాగుంటుంది. ఆ రోజు భోజనానికి అది వద్దు.

వచ్చేవాళ్లలో శాకాహారులు ఉన్నారన్నారు. దానికి దిగులు అక్కర లేదు, ఐరిష్ దుంప వంటకాలు చాలావరకు వాళ్లకు పనికొచ్చేవే. కోల్‌కానన్ చేయండి. కిలో పిండి దుంపలను తోలుతోనే ఉప్పు నీళ్లలో పెట్టి, సగం ఉడికాక నీళ్లు వంచేసి, అడుగున రెండు వేళ్ల మందం మాత్రం ఉంచి, మూత పెట్టి సన్న సెగ మీద ఆవిరికి ఉడకనివ్వాలి. ఇలా చేస్తే దుంప నీరు పీల్చదు. ఇంకో పక్క 250 మిల్లీలీటర్ల పాలలో తరిగిన ఉల్లికాడలు నాలుగైదు నిమిషాలు మరిగించండి. కేల్ గానీ క్యాబేజీ గానీ 350 గ్రాములు ఉడికించి, నీళ్లు గట్టిగా పిండి, సన్నగా తరగండి. దుంపలు వేడిగా ఉండగానే తోలు తీసి చేత్తో మెదపాలి. మిక్సీ జోలికి పోవద్దు, తిరిగే బ్లేడుకు దుంపలోని పిండి బయటపడి క్షణంలో బంకలా తయారవుతుంది. పాలు కూడా మరిగేవే పోయాలి. ఆకుకూర కలిపి, పళ్లెంలో కుప్పగా పెట్టి, మధ్యలో గుంట చేసి వెన్న ముద్ద వేస్తే, తినేవాళ్లు అంచు నుంచి చెంచాతో తీసి ఆ వెన్నలో ముంచుకుంటారు. ఇది నిజానికి అక్టోబర్ 31 రాత్రి, హాలోవీన్ వంటకం. పాత రోజుల్లో లోపల ఉంగరం దాచేవారు, ఎవరికి దొరికితే వాళ్లకు ఆ ఏడు పెళ్లి. మార్చిలో తినకూడదని ఏమీ లేదు. ఆకుకూర లేకుండా ఉల్లికాడలతోనే చేస్తే దాని పేరు చాంప్.

ఓపిక ఉంటే బాక్స్‌టీ, అంటే దుంప అట్లు. లీట్రిమ్, కావన్ వైపు వంటకం, నాకు వీటన్నిటిలో ఇష్టమైనది. పావు కిలో పచ్చి దుంపలు తురిమి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండండి. ఆ నీళ్లు పారబోయకండి. పది నిమిషాల్లో అడుగున తెల్లటి గంజి పేరుకుంటుంది, పైన ఎర్రబడిన నీళ్లు వంచేసి ఆ తెల్లటిది మళ్లీ పిండేసిన దుంప తురుములో కలపాలి. దుంప ముక్కలను కలిపి పట్టి ఉంచేది అదే. దానికి పావు కిలో మెదిపిన దుంప, 150 గ్రాముల మైదా, అర టీచెంచా బ్రెడ్ సోడా, ఉప్పు, గరిటె నుంచి బరువుగా జారేంత మజ్జిగ. పెనం మీద వెన్న వేసి, సన్న సెగ మీద రెండు పక్కలా నిదానంగా కాల్చాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చి దుంప వాసన మిగులుతుంది. తురిమిన దుంప గాలికి నల్లబడుతుంది కనుక మధ్యలో ఫోను మాట్లాడుతూ కూర్చోవద్దు.

డబ్లిన్ వాళ్లు కాబట్టి కాడిల్ గురించి కూడా ఒక మాట. సాసేజీలు, రాషర్లు అనే బేకన్ ముక్కలు, ఉల్లి, దుంపలు కలిపి నీళ్లలో ఉడికించే వంట. పంది మాంసం తినేవాళ్లకు తప్ప చేయలేం, చూడటానికి కూడా పాలిపోయి ఉంటుంది. డబ్లిన్‌లో పుట్టినవాళ్లకు అది ప్రాణం, కార్క్ వాళ్లు నవ్వుతారు. అతిథులకు మీరు మొదటిసారి వండేటప్పుడు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తీపికి క్యారగీన్ పుడ్డింగ్ చేయవచ్చు. క్యారగీన్ సముద్రపు నాచు. ఎండబెట్టి చిన్న ప్యాకెట్లలో అమ్ముతారు. మన చైనా గ్రాస్ చేసే పనే చేస్తుంది, జెలటిన్ అక్కర లేదు. తూర్పు కార్క్‌లోని షానగారీలో మర్టిల్ అలెన్ 1964లో తమ పొలంలోని ఇల్లు బాలీమలూ హౌస్‌లోనే రెస్టారెంటు తెరిచి, చుట్టుపక్కల పండేవాటితో ఇలాంటి ఇంటి వంటలనే వడ్డించారు. 1975లో ఆమెకు మిషెలిన్ స్టార్, అంటే మేటి రెస్టారెంట్లకు ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఐరిష్ వంటకు పేరు లేదనుకునే రోజుల్లో ఆమె చేసిన పని అది, మసాలా వేసి కాదు. గుప్పెడు నాచు, ఎనిమిది గ్రాములు దాటకుండా, పది నిమిషాలు నానబెట్టి 900 మిల్లీలీటర్ల పాలలో వనిల్లాతో ఇరవై నిమిషాలు సన్నగా మరిగించి, జల్లెడలో వేసి నాచుకు అంటుకున్న జిగురంతా నొక్కి తీయండి. చక్కెర, గుడ్డు పచ్చసొన కలిపి, తెల్లసొన గిలక్కొట్టి చేర్చి ఫ్రిజ్‌లో పెట్టండి. గుడ్డు తినని వారికైతే గుడ్డు మానేసినా గడ్డకడుతుంది, కాకపోతే అంత తేలిగ్గా ఉండదు. నాచు ఎక్కువైతే సముద్రం వాసన వేస్తుంది, తూకం వేసుకోండి.

స్టూ, క్యారగీన్ 16వ తేదీ రాత్రే చేసేయండి. 17న పొద్దున రొట్టె, అతిథులు రావడానికి గంట ముందు కోల్‌కానన్. బాక్స్‌టీ చేసేటట్టయితే వాళ్లు వంటగదిలో నిలబడి కబుర్లు చెబుతుండగా పెనం మీంచి నేరుగా వడ్డించండి, ఐరిష్ వాళ్లకు అది మర్యాద తక్కువేమీ కాదు.

మీ అమ్మగారికి ఓవెన్ ఉందో లేదో రాయలేదు. లేకపోయినా ఇబ్బంది లేదు, ఉత్తరాన అల్‌స్టర్‌లో ఈ రొట్టెను పెనం మీదే కాలుస్తారు. మైదా వాడమనండి, మన చపాతీ పిండి మెత్తగా మర ఆడింది, నీరు ఎక్కువ పీల్చి రొట్టెను బరువు చేస్తుంది. పావు కిలో మైదాకు అర టీచెంచా వంట సోడా, అర టీచెంచా ఉప్పు. మజ్జిగ భోజనంలో పోసుకునేంత పల్చగా ఉండకూడదు. పుల్లబడిన పెరుగు మూడు వంతులకు ఒక వంతు నీళ్లు చేర్చి చిలికితే సరిపోతుంది, గుంటూరు ఎండకు పులుపు గురించి చెప్పనక్కర లేదు. 200 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పోసుకోవాలి. ముద్దను గుండ్రంగా, ముప్పావు అంగుళం మందాన తట్టి నాలుగు భాగాలుగా కోసి, పిండి చల్లిన మందపాటి పెనం మీద, నూనె లేకుండా, సన్న సెగ మీద ఒక్కో పక్క ఎనిమిది నుంచి పది నిమిషాలు. తరవాత ముక్కలను నిలబెట్టి అంచులు కూడా కాల్చాలి, లేకపోతే పక్కలు పచ్చిగా మిగులుతాయి. వేడిగా ఉండగానే మధ్యకు చీల్చి వెన్న పెట్టుకోవాలి. గేదె వెన్న తెల్లగా ఉంటుంది, రుచికి లోటేమీ రాదు, పైన కొంచెం ఉప్పు చల్లుకోమనండి.